టపాసులు

2021 జులై 31. టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాతో మన హాకీ అమ్మాయిలకు చావోరేవో మ్యాచ్. నెదర్లాండ్స్, జర్మనీ, బ్రిటన్ చేతుల్లో వరసగా ఓడి, ఐర్లండ్‌ని ఒకే ఒక్క గోల్‌తో దాటి వచ్చారు. ఇదీ పోతే ఇక ఇంటికే.

నాలుగో నిమిషంలో వందనా కటారియా గోల్ కొట్టింది. దక్షిణాఫ్రికా సమం చేసింది. పదిహేడో నిమిషంలో మళ్లీ వందన, మళ్లీ సమం. నేహా గోయల్ మూడో గోల్ కొడితే దానికీ బదులొచ్చింది. 49వ నిమిషంలో పెనాల్టీ కార్నర్ దొరికింది. గుర్జీత్ కౌర్ డ్రాగ్ ఫ్లిక్ కొట్టింది. అంత వేగంగా వచ్చే బంతికి అడ్డుగా స్టిక్ పెట్టాలంటేనే గుండె ధైర్యం కావాలి. దాన్ని ఏ కోణంలో తిప్పితే గోల్‌కీపర్‌కి అందదో రెప్పపాటులో తేల్చుకోవాలి. వందన స్టిక్ అంచు తగిలి బంతి దారి మార్చుకుంది. 4-3. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి ఆమే.

2025 ఏప్రిల్‌లో ఆట నుంచి తప్పుకునేనాటికి ఆమె లెక్క 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. భారత మహిళల్లో అప్పటికి అన్ని అంతర్జాతీయ మ్యాచ్‌లు మరెవరూ ఆడలేదు. కానీ ఆమె ఎంతటి మనిషో తెలియాలంటే ఆ ఒక్క రోజు చాలు, ఎందుకంటే ఆ హ్యాట్రిక్ చూడాల్సిన నాన్న అప్పటికి రెండు నెలల ముందే పోయాడు. హరిద్వార్ పక్కన రోష్నాబాద్ వాళ్లది. ఆయన బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసేవాడు. ఆడపిల్లకు ఆటలేమిటని ఊరు నొసలు చిట్లించినా కూతురి వెనకే నిలబడ్డాడు. ఆయన పోయేసరికి వందన బెంగళూరు శిబిరంలో ఉంది. కరోనా రోజులు. బయటికి అడుగు పెడితే మళ్లీ క్వారంటైన్, ఒలింపిక్స్ సన్నాహానికి గండి. ఆఖరి చూపుకి వెళ్లలేకపోయింది. ఆ దుఃఖం కడుపులో పెట్టుకునే టోక్యో విమానం ఎక్కింది.

క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా. మూడుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జట్టు అది. మనవాళ్లు 1-0తో దాన్ని ఇంటికి పంపారు. భారత మహిళలు ఒలింపిక్ సెమీఫైనల్ ఆడటం అదే మొదటిసారి.

ఆగస్టు 4న అర్జెంటీనాతో సెమీస్. రెండో నిమిషంలోనే గుర్జీత్ గోల్. హాకీ ఊసే ఎరగని ఇళ్లలో కూడా ఆ మధ్యాహ్నం టీవీలు మోగాయి. మన సమయం ప్రకారం సాయంత్రం ఐదుకి మ్యాచ్ ముగిసింది.

కాసేపటికి రోష్నాబాద్‌లో వందన ఇంటి ముందు టపాసులు పేలాయి. ఊళ్లోవాళ్లే, చొక్కాలు విప్పేసి చిందులు వేస్తున్నారు. ఆ మోతకి ఇంట్లోవాళ్లు గుమ్మంలోకి వచ్చారు.

స్కోరు అర్జెంటీనా 2, ఇండియా 1.

జట్టులోకి దళితుల్ని మరీ ఎక్కువగా తీసుకున్నారని, అందుకే ఓడిపోయారని వాళ్లు కేకలు వేశారని, ఇండియాకి హ్యాట్రిక్ తెచ్చిన అమ్మాయి ఇంటివాళ్లు పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చారు.