చెప్పరు, చేసి చూపిస్తారు

కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రమహావిష్ణువు మీద కాసుల పురుషోత్తమ కవి శతకమంతా నిందాస్తుతిగానే చెప్పాడు. పొగిడాడో తిట్టాడో తేల్చుకునే శ్రమ చదివేవాళ్లకు వదిలేశాడు. నా స్తుతిలో అలాంటి మెలికలేమీ లేవు. నేను కొలిచే దేవత బందరు రోడ్డు మీదో, ఏలూరు రోడ్డు మీదో, నూజివీడు వైపో, వరిచేల మధ్య మూడంతస్తుల భవనంలో వెలసి ఉంటుంది. పేరు చివర 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్' అని ఉంటుంది. పేరు ముందు ఛైర్మన్ గారి నాన్నగారో అమ్మగారో ఉంటారు.

దయ అంతా గుమ్మంలోనే కనిపిస్తుంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 200 మార్కులు. 50 వస్తే అర్హత. తప్పు జవాబుకు కోత లేదు. ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు కనక కళ్లు మూసుకుని గళ్లు నింపినా సగటున 50 దగ్గరికే చేరతాం. గణితం ఇంత జాలి చూపిన సందర్భం నాకు మరొకటి తెలియదు. ర్యాంకు చాలనివాళ్లకు యాజమాన్య కోటా, ఆ గడువూ దాటినవాళ్లకు స్పాట్ అడ్మిషన్. తలుపులు మూసుకుని కూర్చుందన్న అపవాదు ఈ కాలేజీ మీద ఎవరూ వేయలేరు.

ఇక చదువు సంగతి. హార్వర్డ్‌లో కేస్ స్టడీ అంటే ఎక్కడో నడిచిన కంపెనీ కథ అచ్చేసి పిల్లల చేత చర్చ చేయిస్తారట. పాపం, వాళ్లకు దగ్గర్లో కేసు లేదు. మనకు కాలేజీయే కేసు. 1960లో మెకార్తీ అనే ఆచార్యుడు మార్కెటింగ్ అంతటినీ సరుకు, ధర, చోటు, ప్రచారం అని నాలుగు మాటల్లో పెట్టాడు. ఇందులో సరుకు ఎవరో తెలియడానికి మన విద్యార్థికి ఒక సెమిస్టరు పడుతుంది. అది తెలిశాక మిగతా మూడూ ఒకరు చెప్పక్కర్లేదు.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కూలివాళ్ల పిల్లలు కూడా పెద్ద చదువులు చదవాలన్న మంచి ఆలోచన అది; నిజంగానే ఎందరో చదువుకున్నారు. ఆ మంచిని అందరికన్నా ముందు పసిగట్టినవాళ్లు కాలేజీలు పెట్టినవాళ్లు. డబ్బిచ్చేది ప్రభుత్వం, కూర్చునేది విద్యార్థి, నాణ్యత అడగాల్సింది ఎవరో ఇద్దరికీ తెలియదు. ఇంత సుఖమైన గిరాకీ బెజవాడ వన్‌టౌన్‌లో తరాల నుంచి కొట్లు నడుపుతున్నవాళ్లకు కూడా దొరకలేదు. 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో వచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఆ సాయం ఆపేసింది. ఒకే ఖాతాదారుణ్ణి నమ్ముకుంటే ఏమవుతుందన్న పాఠం ఆ రోజు సిలబస్‌లో చేరింది. ఫీజు మాత్రం విద్యార్థి కట్టాడు.

తాకట్టు సూత్రం బోధించే తీరు చూడండి. చేరిన రోజే పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఇచ్చేయాలి. అలా ఉంచుకోకూడదని నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ చెబుతూనే ఉంది. కానీ పిల్లవాడి ఇంట్లో చెదలుండవచ్చు, కృష్ణకు వరద రావచ్చు. కాలేజీ బీరువాకు ఆ భయాల్లేవు. బకాయి ఉన్నంత కాలం కాగితాలు క్షేమం. ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చినవాడు అప్పు చేసి వాటిని విడిపించుకుంటాడు. పూచీ, వడ్డీ, గడువు, విడుదల: ఫైనాన్స్ స్పెషలైజేషన్ తీసుకోనివాడికి కూడా కంఠతా వచ్చేస్తాయి.

హాజరు 75 శాతం ఉండాలి. తగ్గితే కండోనేషన్ ఫీజు ఉంది. రాని రోజుకు కూడా విలువ కట్టే శాస్త్రం అది. ప్రాజెక్టు రిపోర్టు కోసం ఎండలో తిరిగి ఎవరూ వడదెబ్బ తినక్కర్లేదు. 'వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్' జెరాక్సు షాపు కంప్యూటర్లో సిద్ధంగా ఉంటుంది, కంపెనీ పేరు మార్చి బైండింగ్ చేసి ఇస్తారు. తొందరలో ఒక్కోసారి పాల డెయిరీ రిపోర్టులో చెరకు టన్నులు మిగిలిపోతాయి. వైవాలో అది కనిపెట్టినవాళ్లు లేరు. అంటే చదివినవాళ్లూ లేరు.

లెక్చరర్ల త్యాగం చెప్పకపోతే పాపం. ఖాతాలో పూర్తి జీతం పడుతుంది, బ్యాంకు స్టేట్‌మెంట్ కళకళలాడుతుంది, మర్నాడు అందులో కొంత నగదుగా ఆఫీసుకు తిరిగొచ్చే చోట్లూ ఉన్నాయి. తనిఖీ రోజున మాత్రం స్టాఫ్ రూములో కుర్చీలు చాలవు. ఆ ముఖాల్లో కొన్నింటిని చూసి పిల్లలు కొత్త సారేమో అని నమస్కారం పెడతారు.

ఇలాంటి కాలేజీ లేని కాలంలో మనవాళ్లు ఎంత నష్టపోయారో! భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్యుడు. ఇక్కడ ఎంబీఏ ఊసే లేని 1923లో, ప్రాజెక్టు రిపోర్టైనా బైండు చేయించకుండా బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టేశాడు. ఫలితం అనుభవించాం: వందేళ్లైనా నిండకుండా 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వస్త్రలత బట్టల మార్కెట్లో గుమాస్తాలు చిట్టా ఆవర్జాలు రాస్తూ, కైకలూరు చేపల చెరువుల మీద రైతులు మేత అప్పుకు తెచ్చి పట్టుబడి నాటికి తీరుస్తూ వ్యాపారం నేర్చుకున్నామనుకుంటారు. వాళ్లకు క్రెడిట్ పాయింట్లు ఎవరిస్తారు?

చివరగా ప్లేస్‌మెంట్లు. ఫ్లెక్సీ మీద కోట్లు తొడుక్కుని నవ్వే పిల్లల్లో కొందరు మైక్రో ఫైనాన్స్ వసూళ్లకు, కొందరు ఇంటింటికీ క్రెడిట్ కార్డులు అమ్మడానికి వెళతారు. ఇంటర్ చదివినవాడు పక్కనే అదే పని చేస్తుంటాడు, ఐదేళ్ల సీనియారిటీతో. అందరిలోకీ చురుకైనవాణ్ణి కాలేజీ వదులుకోదు. మే నెలలో అతనికి ఒక బ్యాగు, కరపత్రాల కట్ట, సీటుకింత అని కమీషను ఇచ్చి పల్లెలకు పంపుతుంది. చల్లపల్లి పక్కన ఒక వసారాలో మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి అతను అంటున్నాడు:

"పిన్నిగారూ, మీరేం కంగారు పడకండి. చేరేటప్పుడు రూపాయి కట్టక్కర్లేదు. తమ్ముడి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే చాలు."