కట్టకుండా వేసిన మార్కులు

ప్లాస్టిక్ విమానాల కిట్ల విషయంలో నేనొక తెలివితక్కువ పని చేశాను. ఒకసారి రెండుసార్లు కాదు, ఏళ్ళ తరబడి చేశాను. కిట్టు కట్టకుండానే దానికి మార్కులు వేశాను. పెట్టె మూత తీసి, ముక్కల్ని వెలుతురుకి పట్టి చూసి, వెర్నియర్‌తో కొలిచి, ఇది కొనొచ్చు, అది పనికిరాదు అని తేల్చి చెప్పేవాణ్ణి. విశాఖపట్నంలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం కొద్దిమందిమే. బయటి దేశాల నుంచి వచ్చే సరుకు కాబట్టి ఖరీదెక్కువ. అందుకని కొనేముందు నన్నడిగేవారు. నా మాట మీద కొందరు డబ్బు పెట్టారు, కొందరు ముచ్చటపడిన కిట్టు వదులుకున్నారు. ఆ మాట వెనక అనుభవం ఎంత తక్కువో వాళ్ళకి తెలీదు. నాకూ తెలీలేదు.

ఈ కిట్టంటే ఏమిటో ఎరగనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. విమానాన్నో ఓడనో ట్యాంకునో లెక్క ప్రకారం తగ్గించి, పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో ముక్కలుగా పోతపోసి పెట్టెలో పెట్టి అమ్ముతారు. ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. దాన్ని స్ప్రూ అంటాం. ఒక్కో ముక్కా కత్తిరించి, అంచులు ఉప్పు కాగితంతో రుద్ది, అతికించి, రంగు వేసి, చివర్న నీళ్ళలో నానబెట్టిన డీకాల్స్ అనే గుర్తుల బొమ్మలు జార్చి అంటించాలి. విమానాలకి ఎక్కువగా నడిచేవి 1/72, 1/48 స్కేళ్ళు. 1/72 అంటే అసలు విమానంలో 6 అడుగులు నమూనాలో 1 అంగుళం అవుతుంది. మిగ్-21 రెక్కల కొస నుంచి కొసకి 7.15 మీటర్లు. 1/72లో అది 10 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. ఆ వెడల్పు అరచేతిలో ఇమిడిపోతుంది.

నా మార్కుల పద్ధతి ఇలా ఉండేది. ముందు ఆకారం. పుస్తకంలోని కొలతల బొమ్మ స్కేలుకి తగ్గించి ప్రింటు తీసి, ముక్కని దాని మీద పెట్టి చూసేవాణ్ణి. మిల్లీమీటరు తేడా వస్తే మార్కులు తగ్గేవి. తరవాత రేకుల అతుకు గీతలు. గీత లోపలికి దిగి ఉంటే మంచి కిట్టు, పైకి ఉబ్బి ఉంటే పాత చెత్త. పాత కిట్లలో గీతలు ఎందుకు ఉబ్బి ఉంటాయో తెలుసుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఉక్కు అచ్చులో గీత చెక్కడం సులువు. అచ్చులో పల్లం ఉన్నచోట ప్లాస్టిక్‌లో గట్టు వస్తుంది. ప్లాస్టిక్ మీద గీత లోపలికి దిగాలంటే అచ్చులో సన్నటి గట్టు మిగిల్చి, చుట్టూ ఉక్కంతా తీసెయ్యాలి. ఆ రోజుల పనిముట్లతో అది చాలా ఖరీదైన పని. ఆ పనివాళ్ళ కష్టం తెలుసుకోకుండా వాళ్ళకి నేను సున్నా వేశాను.

నా తీర్పుల్లో అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఒకటుంది.

మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు ఉన్నాడు. వాళ్ళ తాతగారు వైమానిక దళంలో మిగ్-21 ఎఫ్‌ఎల్ విమానాల మీద ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నాసిక్‌లో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారుచేసిన రకం అది. 1971 యుద్ధంలో, డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు భవనం మీద రాకెట్లు కురిపించినవి ఆ విమానాలే. 2013 డిసెంబరులో కలైకుండా స్థావరంలో వాటికి వీడ్కోలు చెప్పారు. తాతగారికి ఆ విమానం కట్టి ఇవ్వాలని కుర్రాడి కోరిక. అంతకుముందు వాడు ఒక్క కిట్టూ కట్టలేదు.

వాడి ముందు రెండు దారులున్నాయి. ఒక పెద్ద సంస్థ కిట్టు, సులువుగా అతుక్కుంటుందని పేరున్నది, కానీ అది తరవాత వచ్చిన ఎంఎఫ్ రకం. రెండోది చిన్న సంస్థ తీసిన కిట్టు, ఎఫ్‌ఎల్‌కి సరిపోయే ఆకారం. నేను క్షణం ఆలోచించకుండా రెండోదే కొనమన్నాను.

"మావయ్యా, నాకిది మొదటిది కదా, కట్టగలనా?" అన్నాడు.

"కొలతలు సరిగ్గా ఉన్నాయిరా. ఇంకేం కావాలి?" అన్నాను.

ఆ చిన్న కిట్టు పెట్టెలో ఏముందో నాకు తెలుసు, కానీ దాని అర్థం తెలీదు. కొద్ది సంఖ్యలో తీసే కిట్లకి ఉక్కు అచ్చులు పెట్టుకోలేరు. మెత్తటి లోహంతోనో రెసిన్‌తోనో చేసిన అచ్చులో తక్కువ ఒత్తిడితో ప్లాస్టిక్ పోస్తారు. అలాంటి వాటిలో ముక్కని ముక్కతో కలిపే పిన్నులు ఉండవు. స్ప్రూ ముక్కకి అతుక్కునేచోట మందంగా ఉంటుంది, అంచుల వెంబడి పల్చటి రేకు మిగిలిపోతుంది. చేతి పని అలవాటున్నవాడు దాన్ని చక్కగా లొంగదీస్తాడు. కొత్తవాడికి అది పెద్ద కొండ. నా నోటుబుక్‌లో ఆ కిట్టుకి మంచి మార్కులున్నాయి, ఎందుకంటే అతుకు ఎలా కూర్చుంటుందన్న గడే అందులో లేదు.

ఒక సాయంత్రం వాడు పెట్టె పట్టుకుని వచ్చాడు. "మావయ్యా, రెక్క కూర్చోవట్లేదు. నా చేతిలోనే ఏదో లోపం ఉంది" అన్నాడు. ఆ రెండో మాట నాకు గుచ్చుకుంది. తేలేదేదో నేనే తేలుస్తానని ముక్కలు తీసుకున్నాను.

విమానం పొట్ట రెండు సగాలు. కలిపి పట్టుకుంటే ముక్కు దగ్గర సరిపోయాయి, తోక దగ్గరికొచ్చేసరికి ఒకటి ఇంకోదానికంటే కొంచెం పొడుగు. తోక సరిచేస్తే ముక్కు తప్పింది. లోపల మందపు దిమ్మలు ఆకురాయితో రాస్తేగాని సగాలు దగ్గరకి రాలేదు. మోడల్ గమ్ము ప్లాస్టిక్‌ని కరిగించి రెండు అంచుల్నీ ఒకటి చేస్తుంది. అంచులు ఒకదాన్నొకటి తాకకపోతే అది చెయ్యగలిగిందేమీ లేదు. రెక్క మొదట్లో సందు ఎంత ఉందంటే వేలిగోరు దూరింది. పుట్టీ పెట్టి, ఆరాక నీళ్ళతో తడిపి రుద్దాను. సందు పోయింది. దానితోపాటే, నేను మార్కులు వేసిన ఆ సన్నటి గీతలు చుట్టూ అరంగుళం మేర చెరిగిపోయాయి. చివరికి కాక్‌పిట్ గాజుమూత ఫెవిక్విక్ చుక్కతో అంటించాను. మర్నాడు పొద్దున చూస్తే మూత లోపలంతా తెల్లగా పొగ పట్టినట్టుంది. ఆ గమ్ము ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లగా పేరుకుంటుంది. కిట్లు కట్టే ఏ చేతికైనా మొదట్లోనే తెలిసే విషయమది. కిట్ల మీద తీర్పులు చెప్పే నాకు తెలీదు.

లోపం వాడి చేతిలో లేదని వాడికి చెప్పాను. నా సలహా తప్పని కూడా చెప్పాను.

తరవాత వాడు ఆ పెద్ద సంస్థ ఎంఎఫ్ కిట్టే కొని, శ్రద్ధగా కట్టి తాతగారి చేతిలో పెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్క చూపు చూసి, "ఇది మేం పనిచేసింది కాదురా, దాని తరవాతది" అన్నారు. నిజమే. ఎఫ్‌ఎల్‌లో ముందు అద్దం, మూత కలిసి ఒకే ముక్కగా ముందువైపుకి లేస్తాయి. ఎంఎఫ్‌లో ముందు అద్దం కదలదు, మూత పక్కకి తెరుచుకుంటుంది. ఎంఎఫ్ వీపు కూడా లావు. ఇవేవీ ఆయన కొలవలేదు. ఆయన చెయ్యి ఆ మూతల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆయన బాధపడలేదు. విమానాన్ని బల్ల మీద పెట్టి, కూర్చుని పక్కనుంచి చాలాసేపు చూశారు. "టైర్లు ఇంత గుండ్రంగా ఉండవు. అంత బరువు మీద ఉంటే నేల దగ్గర కొంచెం అణిగి ఉంటాయి. ఇది గాలిలో వేలాడుతున్నట్టుంది" అన్నారు.

నేను ఇన్నేళ్ళలో టైర్ల అడుగు చూడలేదు. కుర్రాడు ఆ రాత్రే టైర్ల అడుగుభాగం ఉప్పు కాగితం మీద నాలుగుసార్లు రుద్దాడు. విమానం బల్ల మీద బరువుగా నిలబడింది.

అప్పటినుంచి నా కొలతల గురించి నేను కొత్తగా లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. నేను మెచ్చుకున్న ఆ లోతు గీతల వెడల్పు దగ్గరదగ్గర 0.2 మిల్లీమీటర్లు. 72తో హెచ్చిస్తే 14 మిల్లీమీటర్లు దాటుతుంది. రేకుకీ రేకుకీ మధ్య వేలు దూరేంత సందుతో ఏ యుద్ధ విమానమూ ధ్వని వేగాన్ని దాటదు. రెక్క వెనకంచు ప్లాస్టిక్‌లో అర మిల్లీమీటరు మందం ఉంటే, అసలు విమానంలో అది 3.6 సెంటీమీటర్లు. అంటే నేను పదికి తొమ్మిది వేసిన కిట్టు కూడా ఈ లెక్కన తప్పుల కుప్పే. అసలుని ఉన్నదున్నట్టు తగ్గిస్తే గీతలు కంటికి కనిపించవు, భాగాలు అచ్చులోంచి బయటకి రావు. కంటికి అసలులా అనిపించేందుకు ఎక్కడ పెంచాలో, ఎక్కడ వదిలెయ్యాలో తయారుచేసేవాడు ఎంచుకుంటాడు. కట్టేవాడు కూడా ఎంచుకుంటాడు. రంగే చూడండి. అసలు విమానానికి వాడిన రంగునే చిన్న నమూనాకి వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుందని, చాలామంది కాస్త తెలుపు కలిపి వేస్తారు.

స్కేలు అంకెలు కూడా అంత పవిత్రమైనవి కావు. సైనిక వాహనాల కిట్లలో ప్రపంచమంతా వాడే 1/35 జపాన్‌లోని షిజువోకా నగరంలో పుట్టింది. 1960ల మొదట్లో టమియా సంస్థ పాంథర్ ట్యాంకు తీసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా సైజు నిర్ణయించుకున్నారు. లెక్క చూస్తే 1/35 వచ్చింది. అదే టమియా వాళ్ళు తరవాత ఒక పోర్షే 911 కారు కొని, దాన్ని విప్పి చూసి మరీ నమూనా తీశారు. శ్రద్ధకి లోటు లేదు. కానీ ఆ శ్రద్ధ అంతా ఒకందుకే: పిల్లవాడి చేతిలో ముక్క ముక్కతో కలవాలి, కలిశాక అది కారులా కనిపించాలి.

నా తెలివితక్కువతనానికి నేను చెల్లించిన మూల్యం అటక మీద దొరికింది. ఉత్తమమని రాసుకుని, కట్టకుండా దాచుకున్న కిట్లు అక్కడున్నాయి. ఒక పెట్టె తీసి చూశాను. మెత్తటి వినైల్ టైర్లు చక్రాల ముక్కలకి ఆనుకుని ఉన్నాయి. వినైల్‌ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్ళ మీద బయటికి ఊరి పాలీస్టైరీన్‌ని కరిగిస్తుంది. మన ఎండలకి అటక మీది వేడి కూడా తోడైంది. టైరు లాగితే చక్రం సగం దానితోపాటు జిగురులా సాగి వచ్చింది. డీకాల్స్ కాగితం పసుపు రంగుకి తిరిగింది. కాగితాన్ని పాలిథిన్ కవరులో పెట్టి ఎండ తగిలే కిటికీకి అంటిస్తే పసుపు చాలావరకు వెలిసింది. చక్రాలు మాత్రం తిరిగి రాలేదు. ఆ కిట్టు కట్టడానికి చేసింది. దాన్ని నేను చూసి దాచుకున్నాను, అది నా చేతుల్లోనే పాడైపోయింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చూసేవి వేరు. పొట్ట సగాలు, రెక్కలు గమ్ము లేకుండా కలిపి పట్టుకుంటే ఎలా కూర్చుంటున్నాయి? స్ప్రూ ముక్కకి అంటుకున్నచోటు కనిపించే అంచు మీదుందా, దాగిపోయే అంచు మీదుందా? అచ్చులోంచి ముక్కని తోసిన పిన్నుల గుండ్రటి మచ్చలు చక్రాల గదుల్లో, కాక్‌పిట్‌లో కనిపిస్తున్నాయా? మందమున్నచోట ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంగి గుంట పడిందా? సూచనల కాగితం చూసి కొత్తవాడు దారి తప్పకుండా కట్టగలడా? ఇవయ్యాక చేతిని చాపి అంత దూరం నుంచి ఆకారం చూస్తాను. ఆ విమానంతో బతికిన మనిషి ఇది అదేనని గుర్తుపడతాడా అని చూస్తాను. వెర్నియర్ అప్పుడప్పుడూ వాడతాను, కానీ చివర్న. కట్టని కిట్టయితే కట్టలేదని మొదటి మాటే చెబుతాను.

కిట్ల మంచిచెడ్డలు చెప్పే అలవాటున్న మిత్రులకి నా విన్నపం ఒక్కటే. మీ మాట మీద ఒకడు నెలంతా దాచుకున్న డబ్బు పెడతాడు. కుదరకపోతే తప్పు తన చేతిదే అనుకుని ఆ పనికే దూరమవుతాడు. కాబట్టి కట్టి చెప్పండి. కట్టకపోతే ఆ సంగతి దాచకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంకో మాట: ఎవరెంత గట్టిగా సలహా ఇచ్చినా "మీరు కట్టారా?" అని అడగండి. జవాబు విన్నాకే డబ్బు తియ్యండి. కొన్నాక దాచకండి, వచ్చే సెలవురోజునే మొదలుపెట్టండి.