ముడతల ప్రబంధం

ముందుగా ఇష్టదేవతాస్తుతి. డబ్బా మూత తీయగానే ముక్కుపుటాలు అదరగొట్టే తల్లీ, తాకినచోటల్లా కరిగించే కరుణామయీ, థిన్నరు దేవీ, నమోనమః!

ఇక కుకవినింద. దీన్ని క్లుప్తంగా ముగించడం నా వల్ల కాదు. నా కారు డ్యాష్‌బోర్డు రేకు మీద ఏనాడో ఎవరో రసికుడు నల్లటి ముడతల రంగు వేయించుకున్నాడు. పాత టైపురైటర్ల ఒంటి మీద ఉండేదే. తడిమితే ఎండుద్రాక్షలా గరుకుగా తగిలేది. ఆ తర్వాత బండిని ఏలినవాడు కిటికీలకు వేసే ఎనామిల్‌ను, గుమ్మాలకు పూసే బ్రష్షుతో, దాని మీద ముమ్మారు పూశాడు. ముడతకూ ముడతకూ మధ్య లోయలన్నీ పూడిపోయాయి. శిల్పానికి సున్నం కొట్టినవాడికి ఏ నరకం రాసిపెట్టి ఉందో, పక్క మంచం వీడిదే.

నాయిక పేరు పద్మిని. స్త్రీ జాతులు నాలుగింటిలో శాస్త్రకారులు మొదట లెక్కపెట్టిన పేరు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టిన బండికి 1974లో ఈ పేరు వచ్చింది. ఆత్మకూరులో మా మేస్త్రీ షెడ్డు ముందు నుంచే ముంబై రోడ్డు పోతుంది. పుట్టింటి దారి కళ్లెదుటే ఉన్నా అడుగు కదపలేని ఆడబిడ్డలా, చక్రాలూడిన పద్మిని ఇటుకల మీద నిలబడి లారీలను లెక్కపెడుతోంది.

నాయకుడు మేస్త్రీ. కుడిచేత స్క్రూడ్రైవరు, ఎడమచెవి మీద బీడీ. మన పక్కనున్న ఉదయగిరి దుర్గాన్ని 1513లో ముట్టడించిన కృష్ణదేవరాయలకు దాన్ని పట్టడానికి ఏడాదిన్నర పట్టింది. తుప్పు పట్టిన ఎనిమిది స్క్రూలు మేస్త్రీకి లొంగడానికి మూడు రోజులు. రాయలు విజయచిహ్నంగా బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. రేకు వెనక నుంచి మావాడికి దక్కినవి ఒక పది పైసల బిళ్ల, ఎవరిదో పెళ్లి శుభలేఖ సగం ముక్క.

ఎనామిల్ ఒక్కటీ అరగదీస్తే అడుగున ముడత బతికి బయటపడుతుందని ఆశపడి, నేను ఎమరీ కాగితం అందుకున్నాను.

"గీకబాకండి సార్! మిట్టలు అరిగిపోతాయి, గుంటల్లో రంగు అట్టనే ఉంటాది. పాత ముడత దక్కదు. రేకు దాకా కడిగి కొత్తది పుట్టించాల."

రిమూవర్ పూశాడు. పావుగంటలో క్షీరసాగరం పొంగింది. ఎనామిల్ వంశం కూలింది, దాని కింద నల్ల ముడతల వంశం, దాని కింద ఫ్యాక్టరీ రంగు. చిట్టచివర తెల్లటి ఇనుము, అక్కడక్కడా తుప్పు మచ్చలతో సిగ్గుపడుతూ. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పలచగా కొట్టాడు.

అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. ముడతల రంగు మూడు కోట్లు: ఒకటి అడ్డం, ఒకటి నిలువు, ఒకటి ఐమూల. పైపొర ముందే తోలు కడుతుంది, లోపల ఇంకా పచ్చి. ఉబ్బిన తోలుకు చోటు చాలక, కాగిన పాల మీద మీగడలా ముడుచుకుంటుంది. పలచనైతే ముడతే రాదు, మందమైతే ఏనుగు తొండం. వేడి తగలకపోయినా ముడత రాదు. మొదటిసారి నీడన ఆరబెట్టిన రేకు అద్దంలా నున్నగా తేలింది. లోకంలో నున్నదనం చూసి తిట్టుకున్న పెయింటరు బహుశా ఈయనొక్కడే. మళ్లీ రిమూవర్, మళ్లీ క్షీరసాగరం.

రెండోసారికి రోహిణి కార్తె సాయం వచ్చింది. రోళ్లు పగిలే ఎండలో నులకమంచం మీద రేకును పడుకోబెట్టి, లారీల దుమ్ము పడకుండా నేనూ, షెడ్డు కుర్రాడూ చెరో వైపు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి ఒక మూల చిన్న గీత లేచింది. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే రేకంతా, పెన్న ఇసుక మీద గాలి నడిచినట్టు, సన్నటి ముడతలు పరుచుకున్నాయి. మేస్త్రీ చెవి మీది బీడీ తీసి వెలిగించుకున్నాడు.

సాయంత్రం రేకును ఇంటికి తెచ్చి అమ్మ చేతికిచ్చాను. ఆవిడ వేళ్లతో తడిమి, ధర అడిగి, కాసేపు నా మొహం చూసింది.

"ఇంత డబ్బు పోసి ముడతలు కొన్నావా నాయనా? అడిగుంటే నేను ఊరికే ఇచ్చేదాన్ని గదా."