తీగెల్లేని పియానోకి శ్రుతి

ఇంటర్లో చదివిన ఫిజిక్సు కొంచెం, విని నేర్చుకున్న సంగీతం కొంచెం. ఈ రెండూ ఒకే బుర్రలో చేరితే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

నాది ల్యాప్‌టాప్‌లో మోగే పియానో. అసలు పియానోలో ఒక్కో మెట్టునీ మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా కొట్టి విడివిడిగా రికార్డు చేసిన శాంపిళ్లు అందులో ఉంటాయి. మెట్టు ఎంత జోరుగా దిగిందో కీబోర్డు 1 నుంచి 127 లోపు ఒక అంకెగా పంపిస్తుంది, దానికి తగ్గ రికార్డింగు మోగుతుంది. మా అక్క కొడుకు దాన్ని దబదబా బాదుతుంటే "శ్రుతి పోతుందిరా, మెల్లగా!" అని కసిరేవాణ్ని. మనస్ఫూర్తిగా నమ్మే కసిరాను.

పైగా రుజువు కూడా దొరికింది. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి ఒక మంద్ర స్వరం మెల్లగా నొక్కితే ముల్లు నిలకడగా ఉంది. గట్టిగా కొడితే కాస్త పైకెగిరి, నెమ్మదిగా దిగింది. ఇంకేం, చర్చి పియానోలు శ్రుతి చేసే పెద్దాయనకి ఫోన్ కొట్టాను.

"గ్రాండా, అప్‌రైటా?" అన్నారు.

"సాఫ్ట్‌వేరండీ."

"తీగెలే లేకపోతే నేనొచ్చి ఏం బిగించాలి బాబూ?"

అక్కడితో ఆగినా పరువు దక్కేది. పట్టుదలకి పోయి, గట్టి దెబ్బల శాంపిళ్లన్నీ ఒక్కొక్కటిగా కాస్త కిందికి దించాను. దాంతో స్వరం మొదలు సరిపోయింది, తోక దిగిపోయింది. ఎడమచేత్తో మెల్లగా, కుడిచేత్తో గట్టిగా పట్టిన ప్రతి కార్డూ వణికింది.

తంబుర తీగెని గట్టిగా మీటినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ఊపు పెద్దదైతే తీగె సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం క్షణకాలం పైకెళ్లి ఊపు తగ్గేకొద్దీ దిగుతుంది. ముల్లు చూపించింది ఇదే. శ్రుతి పోవడం వేరు. పియానోలో దాదాపు 230 తీగెలుంటాయి, మొత్తం బిగువు ఇంచుమించు 20 టన్నులు. బాదగా బాదగా తీగె ఆనుకున్న చోట జరుగుతుంది, ఒకే స్వరానికి కట్టిన మూడు తీగెలూ తలో దారి పడతాయి. అందుకే ట్యూనర్లు శ్రుతి చేసేటప్పుడు తామే గట్టిగా కొట్టి చూస్తారు, తర్వాత జరగాల్సింది అప్పుడే జరిగిపోవాలని. రికార్డింగులో మొదటిది అచ్చుపడి ఉంటుంది. రెండోది జరగడానికి అక్కడ తీగే లేదు.

శాంపిళ్లు మానేసి లెక్కలతో స్వరం పుట్టించే పియానోకి మారాను. ఫ్రాన్సులోని మొడార్ట్ సంస్థ 2006లో తెచ్చిన పియానోటెక్ ఆ కోవలోదే, దాన్ని రూపొందించిన ఫిలిప్ గియోమ్ ఒకప్పుడు పియానో ట్యూనరు, తర్వాత గణితవేత్త. ఇలాంటి వాటిలో బిగువు మార్పుని సమీకరణంలో పెడితే స్వరం ఎగురుతుంది, పెట్టకపోతే ఎగరదు. పియానో ఎంత అరిగిపోయినట్టు మోగాలో చెప్పే మీట కూడా ఒకటుంది. వాయించగా వాయించగా అది తనంతట తనే జరుగుతుందేమోనని కొన్నాళ్లు కాపలా కాశాను! మనం జరిపితే తప్ప జరగదు.

మీ ఇంట్లో ఉన్నది సాఫ్ట్‌వేర్ పియానో అయితే పిల్లల్ని గట్టిగానే వాయించుకోనివ్వండి. కీబోర్డు మెట్లు విరగకుండా చూసుకుంటే చాలు.