బయట పల్లకీ మోత

వర్ధమాన దేశాల అధికారులకు మన ఖర్చుతో శిక్షణ ఇచ్చేందుకు భారత ప్రభుత్వం 1964లో ప్రారంభించిన ఐటెక్ పథకం కింద, అధికార వికేంద్రీకరణ, అనగా పై ప్రభుత్వాల అధికారాలను, నిధులను ఊళ్లకు పంచడం, ఎలాగో నేర్చుకోవడానికి విదేశీ ఉద్యోగులు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థకు వస్తుంటారు. అయిదేళ్ల గడువు ముగిసేలోపే పంచాయతీ ఎన్నికలు పూర్తి కావాలని శాసించే రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం ఇలాంటి పాఠాలకు తలమానికం.

ఆ సంస్థ ఉన్న రాష్ట్రంలోనే 12 వేలకు పైగా గ్రామ పంచాయతీల గడువు 2024 జనవరి ఆఖరుకే తీరిపోగా, రిజర్వేషన్ల పేచీ తేలక, 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారులే ఊళ్లను ఏలారు. సొంత కుర్చీ పనితోపాటు నాలుగైదు ఊళ్ల బరువు మోసే అధికారికి గ్రామసభ గుర్తుండకపోవడం సహజమే. పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోవడంతో, చెత్త ట్రాక్టరు డీజిలు కోసం పంచాయతీ కార్యదర్శి సొంత జేబు తడుముకోవలసి వచ్చింది. (వికేంద్రీకరణ ఇంత కింది జేబు దాకా దిగిన దేశం మరొకటి ఉండదు.)

ఇంతటి అనుభవాన్ని వృథా చేయక, ‘సర్పంచి లేని గ్రామపాలన’ పేరిట కొత్త కోర్సు పెడితే, స్థానిక ఎన్నికలంటే గిట్టని ప్రభుత్వాలు సీట్ల కోసం ఎగబడతాయి. విమాన చార్జీలు సైతం తామే భరిస్తామన్నా ఆశ్చర్యపడనక్కరలేదు.