అనుభవదారు కాండ: సటీకా తాత్పర్యము

మూలము. డిజిటల్ సరుకును కొనుట యనగా ఆ సరుకును వాడుకొనుటకు అనుమతి పొందుట.

అవతారిక. ఈ సూత్రము స్టీమ్ అను కంప్యూటర్ ఆటల అంగడిలో, బుట్ట నిండి, చేయి జేబులోకి పోయిన పిమ్మట, డబ్బు కట్టు మీటకు దాపున సన్నని అక్షరములలో కానవచ్చును. సూత్రకర్త వాల్వ్ సంస్థవారు. నివాసము అమెరికా దేశమందలి బెల్వ్యూ పట్టణము. అంగడి తెరచినది 2003 సెప్టెంబరు, సూత్రము వెలసినది 2024 అక్టోబరు. నడుమ ఇరువదియొక్క యేండ్లు ఈ సత్యము ఒప్పంద పత్రపు గుహలో తపస్సు చేసికొనుచుండెను. 'కొనుము' అని మీట పెట్టి అనుమతి మాత్రమే యిచ్చు వర్తకులు ఆ మాట ముందుగా చెప్పితీరవలెనని కాలిఫోర్నియాలో చట్టముపై సంతకమైనది 2024 సెప్టెంబరు. అమలు 2025 జనవరి 1 నుండి. సంతకమైన కొద్ది వారములకే సూత్రకర్తకు సత్యము పలుకవలెనని బుద్ధి పుట్టుట కాకతాళీయమని పెద్దలందురు. ఆ యంగడి ముప్పదికి దగ్గరగా భాషలలో మాటలాడును, వానిలో తెలుగు లేదు. కావున ఈ టీక.

టీకాకారుడు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వాస్తవ్యుడు. టీకలకు పెద్దదిక్కయిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం మనిషే. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకుని కాళిదాసు జోలికి పోయాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం కాళిదాసును చేతిలో పెట్టుకున్నవాడికి సులువు. ఎవరూ చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే పత్రానికి టీక రాసేవాడికి అంత నిగ్రహం ఎక్కడినుంచి వస్తుంది?

ప్రతిపదార్థము. కొనుట: తెలిసినదే. సరుకు: తెలిసినదే. వాడుకొనుట: పిల్లలకు తెలిసినదే. తాత్పర్యము: స్పష్టము. అస్పష్టమైనది అనుమతి ఒక్కటే, దానికి విశేషము.

విశేషము. ఈ సూత్రం ఇబ్రహీంపట్నంలో పుట్టి ఉంటే ఒక్క పూట నిలిచేది కాదు. బొంగ్లూరు గేటు దాటి సాగర్ రోడ్డు పట్టుకుని వస్తుంటే అటూ ఇటూ వెంచర్లే. ఈ మండలంలో చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషిక్కూడా లింకు డాక్యుమెంటు అంటే తెలుసు. ఈసీ తీయించకుండా అడ్వాన్సు ఇవ్వడు. అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషనుకూ తేడా అడిగితే వకీలు కంటే బాగా చెబుతాడు. సాదా బైనామా అని మనకొకటి ఉంది: తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని, సాక్షులను పెట్టుకుని, వేలిముద్రలేసి భూమి చేతులు మార్చుకోవడం. ఆ తెల్లకాగితాలను కూడా క్రమబద్ధం చేస్తామని తెలంగాణ ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. అంటే వేలిముద్ర కొనుగోలుకైనా ఒకనాటికి పట్టా అయ్యే ఆశ ఉంది. యూపీఐ పిన్ను కొట్టి కొన్న ఆటకు ఆ ఆశ లేదు.

పాత పహాణీలో రెండు గడులుండేవి. ఒకటి పట్టాదారుది, రెండోది అనుభవదారుది. భూమి ఎవరి పేరున ఉందో మొదటిది చెప్పేది, దున్నుకుని తినేదెవరో రెండోది చెప్పేది. మన ఆటగాడు సాక్షాత్తూ రెండో గడి మనిషి. డబ్బు మొత్తం పట్టాదారు లెక్కన కట్టాడు, పేరు మాత్రం అనుభవదారు గడిలో పడింది. 2020లో ధరణి పోర్టల్ వచ్చాక ఆ గడే ఎత్తేశారు. కౌలుకు చేసుకునేవాడు, కాగితం లేకుండా తరాలుగా దున్నేవాడు పేరు చూసుకుందామంటే చోటు లేకపోయింది. ఆ గొడవ తెలిసిన ఊరు కాబట్టే చెబుతున్నాను. అనుభవదారు అనేది గౌరవమైన మాటే. కానీ ఆ గడిలో రాసేటప్పుడు ఆ సంగతి వాడికి చెప్పి రాయాలి. మా మేనల్లుడు 'నా లైబ్రరీ' అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది వాడి మీద కాదు.

పూర్వపక్షము. వాడు షేరిగూడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆధునిక తర్కం వాడి సొత్తు. "మామా, లీజ్ అనుకో. అయిపాయె. నీకెందుకు పరేషాన్?"

సిద్ధాంతము. లీజు అనుకోవడానికి వీల్లేదు. లీజుకు గడువుంటుంది, ఆ తేదీ ఇద్దరికీ తెలుస్తుంది. యూబీసాఫ్ట్ వారి 'ద క్రూ' అనే కార్ల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న వాళ్ళు సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాడికి కూడా ఆ సర్వరే దిక్కు, కాబట్టి ఆట మొత్తం చచ్చింది. ఆ తర్వాత, ఆట కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. పదేళ్ళ గడువని రాసి అమ్మి ఉంటే ఎవడూ కిమ్మనేవాడు కాదు. రాయలేదు. దాని మీద రాస్ స్కాట్ అనే ఆయన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అని ఉద్యమం లేవదీస్తే, 2025 జులైకి యూరప్‌లో పది లక్షలు దాటి సంతకాలు పడ్డాయి. మన దగ్గర పన్ను శాఖకు మాత్రం సందేహమే లేదు: ఇది సేవ, 18 శాతం జీఎస్టీ కట్టు.

పాఠాంతరము ఒకటి ఉన్నది. 2008లో మొదలైన జీఓజీ అనే అంగడి తాళం వేయని ఇన్‌స్టాలర్లు ఇస్తుంది. దించుకుని హార్డుడిస్కులో పెట్టుకుంటే అంగడి మూతపడ్డా ఆట నడుస్తుంది. కాగితం మీద అదీ అనుమతే, కానీ కబ్జా మనది. కబ్జా విలువ ఇబ్రహీంపట్నం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. కొనడం గురించి ఇంత మాట వచ్చాక విజ్ఞానేశ్వరుణ్ణి తలుచుకోకుండా పోవడం నా వల్ల కాదు. ఆయనా టీకాకారుడే. ఆరో విక్రమాదిత్యుడు ఏలుతున్న కల్యాణిలో, అంటే నేటి బీదర్ జిల్లా బసవకల్యాణ్‌లో, యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర రాశాడు. పదమూడో శతాబ్దంలో మన కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయమని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం తెలుగులో దొరికి ఏడు వందల ఏళ్ళు దాటిందన్నమాట. దాన్ని పద్యంలో చదువుకున్న జాతికి ఇవాళ ఆటల ఒప్పందం తెలుగు వచనంలోనైనా దొరకదు.

స్మృతిలో క్రీతానుశయమని ఒక వ్యవహారం ఉంది. సరుకు కొన్నాక మనసు విరిగినవాడి తగాదా. పరీక్షించుకోవడానికి ఎన్నాళ్ళిచ్చారో యాజ్ఞవల్క్యుడు లెక్క కట్టి పెట్టాడు: విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బండి లాగే పశువుకు ఐదు, రత్నానికి ఏడు, పాడి పశువుకు మూడు. దాసికి నెల, దాసుడికి అర్ధమాసం. (మనుషులను కొనే కాలం, ఆ పాపం ఆ కాలానికే వదిలేద్దాం.) ఇందులో అందం చూడండి. గడువు సరుకు స్వభావాన్ని బట్టి ఉంది. గింజ మొలకెత్తాలి కదా, పది రోజులు కావాలి. ఇనుమును ఒక్క దెబ్బ కొడితే తెలుస్తుంది, ఒక రోజు చాలు. గేదెను మూడు రోజులు పిండి చూసుకో. ఈ పట్టిక రాసినవాడు సంతకు పోయిన మనిషి, అందులో అనుమానం లేదు.

స్వామ్యం దగ్గర విజ్ఞానేశ్వరుడు ఇంకా పైకి పోతాడు. ఒక వస్తువు నాది అనే హక్కు శాస్త్రం చెబితే తెలుస్తుందా, లోకంలోనే తెలుస్తుందా అని పెద్ద చర్చ పెట్టి, లోకంలోనే అని తేల్చాడు. శాస్త్రం పేరే వినని సరిహద్దు దేశాల వాళ్ళు కూడా కొంటున్నారు, అమ్ముతున్నారు కదా, హక్కు లోకసిద్ధం కాకపోతే అదెలా కుదిరింది అని ఒక యుక్తి. ఇంత చక్కని మాట చదివినప్పుడల్లా నాకు వరంగల్ రైలెక్కి పోయి ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. ఆయన దృష్టిలో సరిహద్దు దేశంలో ఉన్నవాడికీ తెలిసిన సంగతి బెల్వ్యూలో ఉన్నవాడికి కొత్తగా నేర్పాల్సి వచ్చింది.

జూదం మీద కూడా ప్రకరణముంది, ఆటల అంగడికి అదే దగ్గరి చుట్టం. జూదశాల నడిపేవాణ్ణి సభికుడంటారు. గెలుపు నూరు గానీ ఆపైన గానీ ఉంటే వాడికి నూటికి ఐదు; తక్కువైతే నూటికి పది. స్టీమ్ ఆటలు తయారుచేసేవాళ్ళ దగ్గర నూటికి ముప్పై పట్టుకుంటుంది. ఒక ఆట రాబడి కోటి డాలర్లు దాటితే ఆపై రాబడి మీద ఇరవై ఐదు, ఐదు కోట్లు దాటితే ఇరవై. 2018లో పెట్టిన ఈ మెట్లు చూసి పత్రికలవాళ్ళు కొత్త వింత అనుకున్నారు. పెద్దవాడికి తగ్గింపు, చిన్నవాడికి మోత: యాజ్ఞవల్క్యుడి సభికుడు చేసిందీ ఇదే. శాతం మాత్రం పెరిగింది. ఎపిక్ అనే ఇంకో అంగడివాళ్ళు అదే ఏడాది డిసెంబరులో నూటికి పన్నెండంటూ దిగారు. స్మృతికి కాస్త చేరువ. ఇంకో తేడా ఉంది. సభికుడు గెలిచినవాడికి సొమ్ము ఇప్పించే పూచీ పడాలి, రాజుకు భాగం కట్టాలి, రాజు అతణ్ణి కాపాడాలి. పూచీ లేని సభికుణ్ణి శాస్త్రం ఊహించలేదు.

ఇంతకూ ప్రకృతం ఏమిటి? అనుమతి.

గడువు సంగతి చూద్దాం. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. దాసుడి అర్ధమాసానికి ఒక్కరోజు తక్కువ. ఈ నియమం 2015 జూన్‌లో వచ్చింది. అంతకు ముందే, 2014 ఆగస్టులో, ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ వాల్వ్ మీద దావా వేసి ఉంది. 2016 డిసెంబరులో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. నియమం మంచిదే, కాదనను. కానీ ఆ రెండు గంటల లెక్క అన్ని సరుకులకూ ఇనుము గడువు పెట్టడం. ఇవాళ్టి పెద్ద ఆట తెరవగానే షేడర్లు కూర్చుకుంటానంటూ గీత కదలని తెర చూపిస్తుంది. కంపెనీ వాళ్ళ సొంత లాంచరొకటి మధ్యలో లేచి మళ్ళీ ఇంకో ఖాతా తెరవమంటుంది. పాత ల్యాప్‌టాప్ మీద ఇదంతా అయ్యేసరికి ఎంత సేపు? ఆ సేపు కూడా ఆడినట్టే లెక్క. గింజ మొలకెత్తకముందే గడువు చెల్లింది.

ఇక్కడ నాకు శాస్త్రం పక్కన పెట్టాలనిపిస్తోంది. హాస్టల్లో ఉండే పిల్లవాడు నెల ఖర్చులో మిగిల్చి మిగిల్చి పండగ తగ్గింపు కోసం కాచుకుంటాడు. ఒక అంగడిలో, పేరెందుకు, తగ్గింపు ఆఖరి రాత్రి మా వాడు డబ్బు కట్టాడు. బ్యాంకులో కోత పడింది, ఆట రాలేదు. అంగడిని అడిగితే బ్యాంకు వైపు చెయ్యి చూపింది, బ్యాంకు అంగడి వైపు. డబ్బు తిరిగొచ్చేసరికి తగ్గింపు పోయి ధర యథాస్థానానికి చేరింది. ఇందులో మనిషి గొంతు ఒక్కటి వినబడలేదు. ఇచ్చిన జవాబులన్నీ 'మీ అసౌకర్యానికి' అంటూ మొదలయ్యే ఒకే జవాబు. హైదరాబాదు కోఠీలో ఆటల సీడీ అమ్మినవాడు దొంగ సరుకే అమ్మేవాడు, ఒప్పుకుంటాను. కానీ వైస్ సిటీ ఆట తెరుచుకోకపోతే మర్నాడు పోయి వాడి బండి ముందు నిలబడగలిగేవాళ్ళం.

చివరగా ఉమ్మడి కుటుంబం. మితాక్షర పేరు ఈనాటికీ కోర్టుల్లో వినబడేది దీనివల్లే: కొడుక్కి వంశపు ఆస్తిలో హక్కు పుట్టుకతోనే వస్తుంది. అంగడి ధర్మంలో పుట్టుకతో రాదు, చావుతోనూ రాదు. ఖాతా ఇంకొకరికి మార్చడానికి లేదు, వీలునామా రాసినా చెల్లదని 2024 మేలో స్టీమ్ సహాయ విభాగం ఒక ఆటగాడికి జవాబిచ్చింది. అదే ఏడాది కుటుంబ పథకమూ పెట్టారు. ఒకే ఇంట్లోవాళ్ళు ఆరుగురి దాకా చేరి ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చు. వేరుపడినవాడు, చేరిన నాటి నుంచి ఏడాది నిండేదాకా ఇంకో కుటుంబంలో కలవరాదు. విడిపోయినవాళ్ళు మళ్ళీ కలవడాన్ని విజ్ఞానేశ్వరుడు సంసృష్టి అన్నాడు. తండ్రితో, అన్నదమ్ములతో, పినతండ్రితో కలవచ్చన్నాడు. ఏడాది ఆగమని మాత్రం అనలేదు.

ఇంకో నియమముంది. నీ ఆటను తీసుకుని కుటుంబంలో ఒకడు దొంగాట ఆడి పట్టుబడితే, ఆ ఆటలో నీకూ నిషేధం పడుతుంది. తండ్రి జూదంలో చేసిన అప్పు కొడుకు తీర్చనక్కర్లేదని యాజ్ఞవల్క్యుడు స్పష్టంగా చెప్పాడు. రక్తసంబంధానికే లేని పూచీ ఇక్కడ పథకంలో చేరినందుకు పడుతుంది.

మా వాడి గదిలో నలుగురు. ఒకే కప్పు, ఒకే వైఫై, ఒకే రైస్ కుక్కర్. దీన్ని ఒకే ఇల్లు అనవచ్చునా అని నన్ను ధర్మసందేహం అడిగాడు. ఏకపాకం ఉమ్మడికి లక్షణమే, కాబట్టి అనవచ్చునని నేను మితాక్షర పక్షాన తీర్పు చెప్పబోతుంటే వాడే అడ్డుపడ్డాడు. "నల్లగొండ పోరడు హ్యాకులు పెట్టి ఆడుతడు మామా. వాన్ని చేర్చుకుంటే నా ఐడీ గూడ పోతది." అక్కడితో విభాగం జరిగిపోయింది. నల్లగొండవాడు ఇప్పుడు మెస్సులో తింటున్నాడు.