మోకాలు చూడొచ్చినవాళ్లు

మోకాలు మార్పిడి చేయించుకుని రిహాబ్‌లో చేరినవాడికి పొద్దున్నంతా ఫిజియోథెరపీ అమ్మాయి రాజ్యం. వంచు, చాపు, వాకర్ పట్టుకో, నడు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మాత్రం చూడవచ్చినవాళ్లది. నేను ఆ రెండు గంటల కోసమే బతికేవాణ్ని. మూడున్నరకల్లా మా ఆవిడ నా తల దువ్వేది. ఆవిడ అటు తిరగ్గానే నేను కాస్త చెరుపుకునేవాణ్ని. మరీ కళకళలాడుతూ కనిపిస్తే, గాజువాక ట్రాఫిక్కు ఈదుకొచ్చినవాళ్లకి గిట్టుబాటు అవుతుందా!

స్టీల్ ప్లాంటులో నాతో సీ షిఫ్టులు చేసిన మిత్రుడు కూర్మన్నపాలెం నుంచి వచ్చాడు. వస్తూనే, “లోపల పెట్టింది మన ఉక్కేనా గురూ?” అన్నాడు. కాదు, పైన కోబాల్ట్ క్రోమియం, కింద టైటానియం, మధ్యలో పాలిథిలీన్ బిళ్ల అని డాక్టరు చెప్పింది అప్పజెప్పాను. వాడి మొహం మాడిపోయింది. 1966లో ఊరూవాడా రోడ్డెక్కి సాధించుకున్న ఫ్యాక్టరీని పక్కన పెట్టుకుని పరాయి లోహమా? “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కన్నాం, నీ మోకాలు ఆంధ్రాది కాదా?” మనం చేసేది కడ్డీలూ వైర్ రాడ్లూ కదా అన్నా వినడే. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకుని మురిసిన జాతి మాది, మోకాలిని ఊరికే వదులుతామా?

పోర్టులో రిటైరైన మా బావ అందుకున్నాడు. “ఏ ఓడలో వచ్చిందో ఆ మోకాలు! 1933 నుంచీ ఈ ఊరికి ఏదొచ్చినా మా రేవులోంచే.” అక్కణ్నుంచి స్టీల్ ప్లాంటు ప్రైవేటీకరణలోకి దిగారు. 2021 నుంచీ ఈ ఊళ్లో పెళ్లిచూపులైనా పరామర్శైనా చివరికి అక్కడికే చేరుతోంది. అరగంటసేపు నా కాలు ఎవరికీ గుర్తు రాలేదు. ఒళ్లు మండి, “అమ్మా” అని మూలిగాను. అందరూ ఇటు తిరిగారు. ప్రాణం లేచొచ్చింది.

భీమిలి నుంచి మా పిన్ని నల్లేరు పచ్చడి తెచ్చింది, ఎముక గట్టిపడుతుందని. టైటానియానికి నల్లేరు ఏం చేస్తుందని ఆవిణ్ని అడిగే మొనగాడు మా వంశంలో పుట్టలేదు. నా మూలుగు విని తలగడ తీసి మోకాలి కింద ఒత్తుగా పెట్టింది. ఎంత హాయో! సరిగ్గా అప్పుడే ఫిజియో అమ్మాయి వచ్చి దాన్ని లాగేసింది. అలా ఎత్తుగా పెడితే కాలు వంగినచోటే బిగుసుకుపోయి, తిన్నగా చాపడానికి రాదట. కావాలంటే మడమ కింద పెట్టుకోవాలట. పిన్ని ఆ పిల్లని కోడల్ని చూసినట్టు చూసింది.

“నొప్పి పదికెంత అంకుల్?” అందా పిల్ల.

చిక్కొచ్చి పడింది. పొద్దున మూడన్నాను. ఇప్పుడూ మూడంటే పిన్ని ప్రయాణం వృథా. ఎనిమిదంటే ఈ పిల్ల డాక్టర్ని పిలుస్తుంది. మధ్యేమార్గంగా కళ్లు మూసుకుని నీరసంగా “అయిదు... ఆరు...” అన్నాను.

“రెండమ్మా. ఇందాకే క్యాంటీన్ దాకా నడిచెళ్లి మైసూర్ బజ్జీ తినొచ్చారు” అంది మా ఆవిడ, ఫ్లాస్కులో కాఫీ వంచుతూ.

ఆ కాఫీ ఎవరూ వద్దనలేదు. పిన్ని మాత్రం నల్లేరు సీసా మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. మర్నాటి నుంచి నాకు మెట్ల శిక్షణ మొదలైంది: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కోసిన కాలు ముందు.

ఇంకా రావాలనుకునేవాళ్లుంటే నాలుగింటికే రండి. తలగడ జోలికి పోకండి. మాడుగుల హల్వా తెస్తే మాత్రం యాపిల్స్ అడుగున పెట్టి తెండి, మా ఆవిడ దగ్గర నా షుగర్ రిపోర్టుంది.